విద్యుత్ కారు: కొనుటకు ఇది తగిన తరుణమేనా?

ఈ సంవత్సరము మా అధ్యాపకుల విశ్రాంతి గదిలో విద్యుత్ కారును గూర్చి జరిగినంత చర్చ మరి ఏ విషయమును గూర్చియు జరుగలేదు. మా సహాధ్యాపకులొకరు పదవీ విరమణకు ముందు తమ భవిష్యనిధి నుండి కొంత సొమ్ము తీసి కారు కొనదలచినారు. అది మొదలు తలకొక సలహా. "పెట్రోలు బండి కొని ఏటేట ఖర్చులకు గురి యగుట ఎందులకు? విద్యుత్ బండియే మేలు" అని ఒకరు. "రెండేళ్ళు ఆగుడు, ధర తగ్గును" అని మరొకరు. "దారిలో బ్యాటరీ అయిపోయినచో బండిని నెట్టుకొని వచ్చెదరా?" అని వేరొకరు. ఉర్దూ శాఖలోని పెద్దలు ఒకరు మాత్రము అందరి మాటలను ఓపికతో విని, "ముందు హిసాబు చూడుడు, తరువాత షౌకు చూడుడు" అనిరి.

ఆ మాట మాకు నచ్చినది. ఒక మధ్యతరగతి కుటుంబమునకు ఇల్లు కట్టుట, పిల్లల చదువు, పెండ్లి తరువాత అంతటి పెద్ద ఖర్చు కారు కొనుటయే. అందు పొరపాటు జరిగినచో దానిని దిద్దుకొనుటకు సంవత్సరములు పట్టును. మన విద్యార్థులలో పలువురి అన్నదమ్ములు అద్దె కార్లు నడిపి ఇల్లు గడుపుచున్నారు. వారికి ఇది సరదా కాదు, జీవనోపాధి. కావున ఈ ప్రశ్నను ఉత్సాహముతోగాని, భయముతోగాని కాక, కాగితము, కలము చేతబట్టి పరిశీలింతము.

పాత కథయే

విద్యుత్ కారు నేటి వింత యని మనలో చాలమంది తలంచుచున్నారు. కాని దాని వయస్సు నూరేండ్లకు పైమాటే. 1859లో గాస్తోన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మరల మరల విద్యుత్తు నింపుకొనదగిన సీసపు బ్యాటరీని కనుగొనెను. 1899లో బెల్జియము దేశస్థుడైన కామిల్ జెనాట్సీ నడిపిన విద్యుత్ కారు గంటకు 100 కిలోమీటర్ల వేగమును దాటెను. అంతకు ముందు నేలపై ఏ కారును ఆ వేగమును అందుకొనలేదు. 1900 ప్రాంతమున అమెరికా నగరములలో ఆవిరి కార్లు, పెట్రోలు కార్లు, విద్యుత్ కార్లు ప్రక్కప్రక్కనే తిరుగుచుండెడివి. విద్యుత్ కారులో పొగ లేదు, రొద లేదు, చేతితో కడ్డీ త్రిప్పి ఇంజనును మేల్కొలుపు శ్రమ లేదు.

అట్టి కారు ఎందులకు మరుగున పడినది? 1908లో ఫోర్డ్ కంపెనీవారి మోడల్-టి వచ్చినది. పెక్కుమందికి అందుబాటు ధరలో పెట్రోలు కారు దొరకినది. 1912లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కార్లలో అమరినది. దానితో కడ్డీ త్రిప్పు బాధయు తీరినది. పెట్రోలు చౌకగా దొరకసాగినది. పల్లెలకు ఇంకను విద్యుత్తు చేరలేదు. ఈ విధముగా ఆనాడు విద్యుత్ కారును వెనుకకు నెట్టినవి మూడు: ధర, ఒకసారి నింపినచో నడచు దూరము, మరల నింపుకొను చోటు. నూరేండ్లు గడచిన పిమ్మట నేడు మనము అడుగుచున్న ప్రశ్నలును ఈ మూడే.

ఆ కథను మలుపు త్రిప్పినది లిథియం అయాన్ బ్యాటరీ. జపాను దేశపు సోనీ సంస్థ 1991లో దీనిని విపణిలోనికి తెచ్చినది. దీని రూపకల్పనకు మూలపురుషులైన గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అను ముగ్గురికి 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. మన దేశమున 2001లోనే బెంగుళూరు నుండి రేవా అను చిన్న విద్యుత్ కారు వెలువడినది. కాని సామాన్య గృహస్థుల దృష్టి ఇటు మరలినది 2020లో టాటావారి నెక్సాన్ విద్యుత్ కారు వచ్చిన తరువాతనే. హైదరాబాదువాసులు 2019 నుండియే విమానాశ్రయ మార్గమున విద్యుత్ బస్సులలో ప్రయాణించుచున్నారు.

బ్యాటరీయే ప్రాణము

పెట్రోలు కారును లీటర్లతో కొలిచినట్లు విద్యుత్ కారును యూనిట్లతో కొలువవలెను. దుకాణములో కిలోవాట్-అవర్ అని చెప్పునది మన ఇంటి కరెంటు బిల్లులోని యూనిట్టే. ఒక కారులో 30 యూనిట్ల బ్యాటరీ ఉన్నదనుకొందము. యూనిట్టుకు 6 లేక 7 కిలోమీటర్లు నడచునని లెక్కించినచో అది ఒక చార్జింగుపై 180 నుండి 210 కిలోమీటర్లు పోవును. కంపెనీవారి ప్రకటనలో ఇంతకంటె పెద్ద సంఖ్య కనిపించును. అది పరీక్షాశాలలో నిర్ణీత వేగముతో నడిపి చూచిన దూరము. రహదారిపై వేగము పెంచినను, నలుగురు ఎక్కినను, వేసవిలో ఏసీ వేసినను దూరము తగ్గును. ప్రకటించిన దూరములో నూటికి డెబ్బది పాళ్ళు మాత్రమే మనకు దక్కునని తలంచి కొనినవారు పిమ్మట విచారింపరు.

పెట్రోలు ఇంజను తాను త్రాగిన ఇంధనపు శక్తిలో సుమారు నాలుగవ వంతును మాత్రమే చక్రములకు అందించును. మిగిలినది వేడిమిగా పోవును. విద్యుత్ మోటారు నూటికి ఎనుబదియైదు పాళ్ళకు పైగా అందించగలదు. బ్రేకు వేసినప్పుడు వేగమును మరల విద్యుత్తుగా మార్చి కొంత బ్యాటరీకి తిరిగి చేర్చును. ఇంజను ఆయిలు లేదు, క్లచ్చి లేదు, పొగగొట్టము లేదు. అందువలన మరమ్మతు ఖర్చు తక్కువ.

అయితే కారు ధరలో పెద్ద భాగము బ్యాటరీదే. 2010 ప్రాంతమున యూనిట్టు సామర్థ్యమునకు 1,000 డాలర్లకు పైబడియున్న బ్యాటరీ ధర, ప్రపంచ సగటున 2024 నాటికి 115 డాలర్ల ప్రాంతమునకు దిగినది. ఈనాడు విద్యుత్ కారు మధ్యతరగతివారి మాటలలోనికి వచ్చుటకు ముఖ్య కారణమిదియే.

పన్నులు, రాయితీలు

విద్యుత్ కార్లకు ప్రభుత్వము పెద్ద సొమ్ము ఇచ్చునని కొందరి భ్రమ. 2019 నుండి 2024 మార్చి వరకు నడచిన ఫేమ్ రెండవ దశ పథకమున గృహస్థుల సొంత కార్లకు సహాయము లేదు. 2024 అక్టోబరులో మొదలైన పి.ఎం. ఈ-డ్రైవ్ పథకము కూడ ద్విచక్ర, త్రిచక్ర వాహనములు, బస్సులు, లారీలు, చార్జింగు కేంద్రములు మున్నగువానికి ఉద్దేశించినదే. కారు అప్పుపై కట్టు వడ్డీకి ఆదాయపు పన్నులో ఇచ్చిన మినహాయింపు 2023 మార్చి 31 లోపల మంజూరైన అప్పులకే వర్తించును. నేడు అప్పు తీసికొనువారు దానిని ఆశించరాదు.

మరి మిగిలిన లాభమేమి? విద్యుత్ కార్లపై జీఎస్‌టీని 2019 ఆగస్టు 1 నుండి 12 శాతము నుండి 5 శాతమునకు తగ్గించినారు. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో వెలువరించిన ఉత్తర్వు ప్రకారము విద్యుత్ వాహనములకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము 2026 డిసెంబరు 31 వరకు పూర్తిగా మినహాయింపబడినవి. కారు ధరను బట్టి ఇది లక్ష, రెండు లక్షల రూపాయల వరకు మిగుల్చును. రెండవ వైపు, 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న పెట్రోలు కార్లపై జీఎస్‌టీ 28 శాతము నుండి 18 శాతమునకు దిగినది. దానిపై ఉన్న సెస్సు కూడ తొలగినది. అనగా విద్యుత్ కారు నిలిచినచోటనే నిలువగా పెట్రోలు కారు ఒక మెట్టు దిగి చౌకయైనది. దుకాణదారుడు మొదటి మాట చెప్పును, రెండవది చెప్పడు. రెండు కార్లను పోల్చువారు ప్రకటనలోని ధరను కాక, పన్నులు, బీమా, రిజిస్ట్రేషను అన్నియు కలిసి ఇంటికి చేరువరకు అగు ధరను పోల్చవలెను.

ఇక హిసాబు

ఒకే పరిమాణము గల పెట్రోలు కారు, విద్యుత్ కారు తీసికొందము. ఇంటికి చేరునప్పటికి విద్యుత్ కారుకు 4 లక్షల రూపాయలు ఎక్కువైనదనుకొందము. పెట్రోలు లీటరు 108 రూపాయలు, లీటరుకు 15 కిలోమీటర్లు అయినచో కిలోమీటరుకు 7 రూపాయల 20 పైసలు. ఇంటి విద్యుత్తు యూనిట్టు 9 రూపాయలు, యూనిట్టుకు 6 కిలోమీటర్లు అయినచో కిలోమీటరుకు 1 రూపాయి 50 పైసలు. తేడా 5 రూపాయల 70 పైసలు. ఇది సామాన్యమైన ఆదా కాదు. కాని 4 లక్షలను 5.70తో భాగించినచో సుమారు 70,000 కిలోమీటర్లు వచ్చును. అంత దూరము నడచిన తరువాతనే అదనముగా పెట్టిన సొమ్ము తిరిగివచ్చును.

ఇప్పుడు ఇద్దరిని చూతము. మొదటివాడు దినమునకు 20 కిలోమీటర్ల చొప్పున సంవత్సరమునకు 300 దినములు నడుపును. అనగా 6,000 కిలోమీటర్లు. అతనికి ఏటా మిగులునది 34,200 రూపాయలు. 4 లక్షలు తిరిగివచ్చుటకు దాదాపు 12 సంవత్సరములు. రెండవవాడు దినమునకు 50 కిలోమీటర్లు, సంవత్సరమునకు 15,000 కిలోమీటర్లు నడుపును. అతనికి ఏటా 85,500 రూపాయలు మిగులును. అయిదేండ్లు నిండకముందే పెట్టుబడి చేతికి వచ్చును.

చార్జింగు ఇంట కాక బయట చేయించుకొనువారి లెక్క వేరు. బయటి వేగపు చార్జింగునకు యూనిట్టు 20 రూపాయలనుకొనినచో కిలోమీటరుకు 3 రూపాయల 33 పైసలు పడును. తేడా 3 రూపాయల 87 పైసలకు తగ్గును. అప్పుడు 4 లక్షలు తిరిగిరావలెనన్న 1,03,000 కిలోమీటర్లు నడువవలెను.

అప్పు తెచ్చి కొనువారు మరియొక అంకెను చేర్చుకొనవలెను. ఆ అదనపు 4 లక్షలను 9 శాతము వడ్డీపై అయిదేండ్ల వాయిదాలకు తీసికొనినచో తొలి సంవత్సరము వడ్డీయే సుమారు 33,000 రూపాయలు. మన మొదటివానికి ఆ ఏడు మిగులునది 34,200. పెట్రోలు బంకు నుండి తప్పించుకొన్న సొమ్ము దాదాపు అంతయు వడ్డీ క్రింద పోయినది.

ఈ అంకెలు అందరికి ఒకటిగా ఉండవు. ధరల తేడా 2 లక్షలే అయినచో దూరమును సగమగును. చదువరులు తమ ఊరి పెట్రోలు ధరను, తమ కరెంటు బిల్లును, తమ బండి తిరుగు దూరమును వేసికొని ఈ భాగహారము తామే చేయవలెను. అయిదు నిమిషముల పని. లక్షల రూపాయల విషయము.

రాత్రి బండి ఎక్కడ నిలుచును?

లెక్క ఎంత అనుకూలముగా వచ్చినను ఈ ఒక్క ప్రశ్నకు సమాధానము లేనిచో కొనుట తగదు. సొంత వాకిలి గలవారికి విద్యుత్ కారు వరము. రాత్రి పడుకొనబోవునప్పుడు తగిలించి, ఉదయము తీసినచో సరి. 15 ఆంపియర్ల ప్లగ్గు నుండి గంటకు సుమారు 3 యూనిట్లు ఎక్కును. 30 యూనిట్ల బ్యాటరీ పూర్తిగా నిండుటకు 10 గంటలు. దినమునకు 50 కిలోమీటర్లు తిరుగువారికి మూడు గంటలే చాలును. అయితే పాత ఇండ్ల తీగెలు అంతసేపు అంత భారమును మోయలేవు. ఎలక్ట్రీషియనుచే తీగెను, ఎర్తింగును పరీక్ష చేయించి, విద్యుత్ సంస్థ వద్ద మంజూరైన లోడు చాలనిచో పెంచుకొని, ఆ పిమ్మటనే కారు తేవలెను. సంవత్సరమునకు 15,000 కిలోమీటర్లు తిరుగు కారు నెలకు 200 యూనిట్లకు పైగా వాడును. ఇంటి వాడకముతో కలిసి బిల్లు పై శ్రేణిలోనికి పోవును. చార్జింగునకు ప్రత్యేక కనెక్షను తీసికొనుట మేలగునేమో ముందుగానే విచారించుకొనవలెను.

అపార్టుమెంటులలో నివసించువారి కష్టము వేరు. మా మిత్రులొకరు కారు కొనిన తరువాత సెల్లారులో ప్లగ్గు పెట్టుకొనుటకు అనుమతి అడిగినారు. ఒకరు మంటలని, మరొకరు ఉమ్మడి మీటరని అభ్యంతరము చెప్పినారు. నాలుగు నెలల పాటు ఆయన వారమునకు రెండు సాయంకాలములు బయటి కేంద్రము వద్ద గంటసేపు పుస్తకము చదువుకొనుచు గడపినారు. చివరకు తమ ఇంటి మీటరు నుండియే ప్రత్యేకముగా తీగె లాగించి, సంఘమువారి అనుమతిని వ్రాతపూర్వకముగా తీసికొన్నారు. ఆ కాగితము కారుకు ముందు రావలసినది, తరువాత వచ్చినది. అద్దె ఇంట ఉన్నవారికి ఈ చిక్కు ఇంకను ఎక్కువ. ఇల్లు మారిన ప్రతిసారి ఈ కథ మొదటికి వచ్చును.

దూర ప్రయాణము

కర్నూలు నుండి హైదరాబాదుకు ఇంచుమించు 215 కిలోమీటర్లు, హైదరాబాదు నుండి విజయవాడకు 275 కిలోమీటర్లు. 30 యూనిట్ల బ్యాటరీతో బయలుదేరినవారు దారిలో ఒకసారియో రెండుసార్లో ఆగవలెను. వేగపు చార్జరు వద్ద 10 పాళ్ళ నుండి 80 పాళ్ళకు నిండుటకు సుమారు గంట పట్టును. ఆ పై 20 పాళ్ళు మెల్లగా ఎక్కును. కనుక 80 కాగానే కదలుట మంచిది. మామూలు దినములలో ఇది టీ త్రాగి, నమాజో భోజనమో ముగించుకొనునంతటి విరామమే. కాని సంక్రాంతికి విజయవాడ రోడ్డుపై బారులు తీరు కార్లను చూచినవారికి, పండుగనాడు ఒక చార్జరు వద్ద నలుగురు ముందున్నచో ఏమగునో చెప్పనక్కరలేదు. 2024 చివరకు దేశమున 25 వేలకు పైగా బహిరంగ చార్జింగు కేంద్రములు ఏర్పడినవి. ఇది కొద్ది సంఖ్య కాదు. అయితే మన దారిలో ఎన్ని ఉన్నవి, అందు పనిచేయునవి ఎన్ని అనునదే మనకు ముఖ్యము. కొనుటకు ముందు అట్టి కారును ఒకటి రెండు దినములు అద్దెకు తీసికొని సొంత ఊరికి పోయివచ్చుట ఉత్తమ పరీక్ష.

ఎండ, నీరు, నిప్పు

బ్యాటరీకి అతివేడి పడదు. మన రామగుండము, కొత్తగూడెము, రెంటచింతల ప్రాంతములలో వేసవి ఎండ 45 డిగ్రీలను దాటును. అందువలన బ్యాటరీని ద్రవముతో చల్లబరచు ఏర్పాటు ఉన్నదా యని అడుగవలెను. లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకపు బ్యాటరీ కొంచెము బరువైనను వేడిని బాగుగా ఓర్చును, ఎక్కువ సంవత్సరములు మన్నును. మధ్యాహ్నపు ఎండలో వేగపు చార్జింగు మాటిమాటికి చేయరాదు. నీడ పట్టున నిలుపవలెను.

బ్యాటరీకి 8 సంవత్సరములు లేక 1,60,000 కిలోమీటర్ల హామీ ఇచ్చుట పరిపాటి. కొన్ని కంపెనీలు ఇటీవల ఇంకను దీర్ఘమైన హామీలు ప్రకటించినవి. వానిలో కొన్ని మొదటి యజమానికి మాత్రమే చెల్లును. అద్దెకు తిప్పు బండికి షరతులు వేరుగా ఉండును. సామర్థ్యము ఎన్ని పాళ్ళకు పడిపోయినచో మార్చి ఇత్తురో హామీ పత్రమున చదివి తెలిసికొనవలెను. నోటిమాటను నమ్మరాదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేల వాహనములు దినముల తరబడి నీట మునిగినవి. సాధారణముగా విద్యుత్ కార్ల బ్యాటరీ పెట్టెను మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నను నీరు చొరకుండ పరీక్షింతురు. దినముల తరబడి మునుగుటకు అది హామీ కాదు. లోతట్టు ప్రాంతములవారు, సెల్లారులలో బండి నిలుపువారు బీమాలో బ్యాటరీ నష్టము పూర్తిగా చేరినదో లేదో చూచుకొనవలెను.

నిప్పు మాట కూడ దాచరాదు. 2022లో దేశమున పలుచోట్ల విద్యుత్ స్కూటర్లు మంటలకు ఆహుతియైనవి. ఆ సంవత్సరము సెప్టెంబరులో సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల దుకాణమున్న భవనములో మంటలు చెలరేగి, పై అంతస్తులలోని లాడ్జిలో దిగిన 8 మంది ప్రాణములు కోల్పోయినారు. ఆ పిమ్మట బ్యాటరీల భద్రతా నిబంధనలు 2022 డిసెంబరు నుండి, 2023 మార్చి చివరి నుండి రెండు దశలలో కఠినతరమైనవి. పెట్రోలు కార్లును తగులబడుటలేదా యని కొందరు అందురు. నిజమే. అయినను నాసిరకపు తీగెలు, అతుకుల ప్లగ్గులు, పడకగది ప్రక్కన చార్జింగు వంటి అజాగ్రత్తకు ఏ కంపెనీ హామీయు అడ్డు రాదు.

గాలికి మేలెంత?

విద్యుత్ కారు వెనుక పొగ రాదు. నగరమున అది పెద్ద మేలు. బడిపిల్లలు, ట్రాఫిక్ పోలీసులు, వీధివర్తకులు పీల్చు గాలి కొంతయైనను తేటపడును. అయితే మన దేశపు విద్యుత్తులో ఇంచుమించు మూడువంతులు ఇంకను బొగ్గు నుండియే వచ్చుచున్నది. లీటరు పెట్రోలు మండినచో సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. లీటరుకు 15 కిలోమీటర్ల చొప్పున అది కిలోమీటరుకు 150 గ్రాములు. మన గ్రిడ్డు నుండి వచ్చు ఒక్కొక్క యూనిట్టు వెనుక సుమారు 700 గ్రాముల వాయువు ఉన్నది. యూనిట్టుకు 6 కిలోమీటర్ల చొప్పున కిలోమీటరుకు 120 గ్రాములు. మేలు ఉన్నది, కాని ప్రచారములో చెప్పునంత లేదు. బ్యాటరీ తయారీలో వెలువడునది దీనికి అదనము.

ఇంటి కప్పుపై సూర్యవిద్యుత్ పలకలు పెట్టుకొన్నవారికి ఈ లెక్క పూర్తిగా మారిపోవును. 3 కిలోవాట్ల పలకలు దినమునకు సగటున 12 యూనిట్లు ఇచ్చును. అది 70 కిలోమీటర్ల ప్రయాణమునకు చాలును. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకమున 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సహాయము ఏర్పరచినారు. ఎండకు కొదువలేని మన ప్రాంతమున కారుకంటె ముందు కప్పుపై పలకలు కొనుట తెలివైన పనియని మా అభిప్రాయము.

వేచియుండుట మేలా?

బ్యాటరీ ధర తగ్గుచున్నది. ప్రతి ఏడు దూరము పెంచుకొనిన క్రొత్త కార్లు వచ్చుచున్నవి. మన మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లి వద్ద అమరరాజావారి బ్యాటరీ కర్మాగారమునకు 2023లో శంకుస్థాపన జరిగినది. ఇవి వేచియుండుమని చెప్పు సాక్ష్యములు. క్రొత్త నమూనా వచ్చినకొలది పాత విద్యుత్ కారు మారు ధర వేగముగా పడిపోవుటయు వేచియుండువారి వైపే సాక్ష్యమిచ్చుచున్నది.

వేరొక వైపు, ముడిపదార్థములకు మనము పరదేశములపై ఆధారపడియున్నాము. 2025 ఏప్రిల్‌లో చైనా మోటార్లలో వాడు అరుదైన లోహముల అయస్కాంతముల ఎగుమతిపై ఆంక్షలు విధింపగా మన కార్ల పరిశ్రమ కలవరపడినది. రాయితీలకు గడువు ఉన్నది. రేపు ధర తగ్గియే తీరునని ఎవరును పూచీ పడలేరు. పైగా ఎక్కువ దూరము తిరుగువాడు ఆగిన ప్రతి సంవత్సరము పెట్రోలు క్రింద పోగొట్టుకొను సొమ్ము తిరిగిరాదు.

కనుక "ఇప్పుడా, తరువాతనా" అను ప్రశ్నకు సమాధానము పంచాంగములో దొరకదు, ఎవరి ఇంటిలో వారికి దొరకును. సొంత వాకిలి, దినమునకు 40, 50 కిలోమీటర్ల తిరుగుడు, చేతిలో సొమ్ము లేక స్వల్పమైన అప్పు, దూర ప్రయాణమునకు రైలో బస్సో మరొక బండియో ఉన్నవారికి తరుణము వచ్చినది. తక్కువ తిరుగుడు, అద్దె ఇల్లు, బరువైన అప్పు గలవారికి ఇంకను రాలేదు. ఇంటనున్న పాత బండి నడచుచున్నచో దానిని ఇంకొంత కాలము నడుపుటలో చిన్నతనము లేదు.

మా పూర్వవిద్యార్థి యొకడు హైదరాబాదులో అద్దె కారు నడుపుచున్నాడు. దినమునకు 150 కిలోమీటర్లు, సంవత్సరమునకు 45,000. పూర్తిగా బయటనే చార్జింగు చేయించుకొన్నను కిలోమీటరుకు 3.87 చొప్పున ఏటా 1,74,000 రూపాయలు మిగులును. రెండున్నర సంవత్సరములలో తేడా తీరును. అద్దె బండికి వర్తించు హామీ షరతులు చూచుకొని కొనుమని అతనికి చెప్పితిమి.

ఇక మా సహాధ్యాపకుల సంగతి. వారి ఇల్లు కళాశాలకు 9 కిలోమీటర్లు. నివాసము అద్దె భవనమున మూడవ అంతస్తు. వచ్చే ఏడు కుమార్తెను వైద్యవిద్యలో చేర్పింపవలెను. ఒక సాయంకాలము వారితో కూర్చుండి ఈ భాగహారమంతయు చేసి చూచితిమి. చివరి అంకె వచ్చిన తరువాత వారు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట కాగితమును మడచి జేబులో పెట్టుకొని, "భవిష్యనిధి ఉన్నచోటనే ఉండనిండు, అమ్మాయి చదువు ముగిసినాక చూతము" అనినారు. వారు మరునాడును తమ పాత స్కూటరుపైననే కళాశాలకు వచ్చినారు.

దుప్పటి కొలది కాళ్ళు చాచుకొనవలెనని తెలుగువారు చెప్పుదురు. చాదరు చూచి కాళ్ళు చాపుమని ఉర్దూవారును చెప్పుదురు. భాష వేరైనను హితవు ఒకటియే. విద్యార్థి మిత్రులారా, రేపు మీరు ఉద్యోగములలో చేరి మొదటి బండి కొనునాడు, అది ఏ ఇంధనముతో నడచునదైనను, ముందు మీ దుప్పటిని కొలుచుకొనుడు.